ఒక వెండి చేప, పోలికకు మరో నాలుగు

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది వర్షాకాలంలో, శ్రీకాకుళం జిల్లా కోర్టులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న నాకు సూపరింటెండెంటుగా ప్రమోషన్ ఇచ్చి, జిల్లాలోనే ఒక మేజిస్ట్రేటు కోర్టుకు పంపారు. ఆ ఊరి పేరు రాయను. అక్కడ నాతో పనిచేసినవాళ్ళలో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు.

సూపరింటెండెంటును పాత రోజుల్లో శిరస్తాదారు అనేవారు. మేజిస్ట్రేటు గారు బెంచి మీద ఉన్నంతసేపు కోర్టు ఆయనది. ఆయన దిగాక తాళాలు మావి. ఆ తాళాల్లో అన్నిటికన్నా పెద్దది ప్రాపర్టీ రూముది. కేసుల్లో పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువులను తీర్పు వచ్చేదాకా భద్రపరిచే గది అది. మా గదిలో కత్తులు, కర్రలు, సారా డబ్బాలు, సైకిళ్ళు, ఒక హార్మోనియం ఉండేవి. హార్మోనియం కేసు ఎప్పుడో కొట్టేశారు. దాన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

నేను చేరిన రెండో నెలలో పోలీసు స్టేషను నుంచి ఒక చిన్న పొట్లం వచ్చింది. దాంతో వచ్చిన ఫారంలో ఎస్సై గారు “వింటేజ్ డిజైనర్ బ్రేస్‌లెట్, వెండి, ఒకటి” అని రాశారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆ మూడు మాటలూ ఒకేచోట నేను చూడలేదు. ప్రాపర్టీ రిజిస్టరులో అలాగే ఎక్కించాలా, తెలుగులో రాయాలా అని ఆలోచించి, పొట్లం విప్పి చూసి, “వెండి కడియం, చేప ఆకారం” అని రాశాను.

అది ఒక చేప. జానెడు పొడవు. ఒళ్ళంతా చిన్న చిన్న పొలుసులు, దేనికదే విడి రేకు, ఒకదాని మీద ఒకటి సర్ది లోపల సన్నటి తీగతో కలిపారు. అందుకని ఎటు వంచితే అటు వంగుతుంది. కళ్ళకు రెండు ఎర్రరాళ్ళు. తోకను చుట్టూ తిప్పి చేప నోట్లో పెడితే టిక్కుమని పట్టుకుంటుంది. అదే దాని కొక్కెం. అరచేతిలో పెట్టుకుని కాస్త కదిపితే అటూ ఇటూ కొట్టుకుంది. మా అటెండరు భయపడి వెనక్కి జరిగాడు. నేను జరగలేదు కానీ, కింద పెట్టేశాను.

కేసు చిన్నదే. కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారం చేసే ఎర్రమ్మ అనే అరవయ్యేళ్ళ మనిషి ఆ కడియాన్ని నలభయ్యేళ్ళ పైగా కుడిచేతికి పెట్టుకుని తిరిగింది. చేపలకు ఉప్పు పట్టించేటప్పుడు మాత్రం వెండి నల్లబడుతుందని తీసి గూట్లో పెట్టేది. ఒకరోజు ఉప్పు పని అయ్యాక చూస్తే గూట్లో లేదు. రెండు వారాల తరవాత, మోపెడ్ మీద ఊరూరా తిరిగి పాత వెండి కొనే ఒకతను దాన్ని విజయనగరంలో ఒక పాత వస్తువుల దుకాణానికి పట్టుకెళ్ళాడు. దుకాణం యజమాని దాన్ని చూసి, ఇంత అరుదైన వస్తువు ఇతని దగ్గర ఎందుకుందని అనుమానించి పోలీసులకు కబురు చేశాడు. ఫారంలోని ఆ మూడు మాటలూ ఆయనవే. నిందితుడు మాత్రం అది తన నాయనమ్మదని, ఇలాంటివి ఈ పక్కన చాలామందికి ఉన్నాయని చెప్పాడు.

కాబట్టి కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. ఈ చేప ఎర్రమ్మదేనా?

దానికి పద్ధతి ఉంది. వస్తువుల గుర్తింపు పరేడ్ అంటారు. పోయిన వస్తువును దానితో పోలిక గల నాలుగైదు వస్తువుల్లో కలిపి కోర్టులో బల్ల మీద పెట్టాలి. చూపించే ముందు సాక్షిని ఆనవాళ్ళు అడిగి రాసుకోవాలి. ఆ తరవాత సాక్షి వచ్చి తనది ఏదో చూపించాలి. బంగారు గొలుసులైతే పోలీసులు ఊళ్ళో దుకాణాల నుంచి అరువు తెస్తారు. ఒకసారి మేకల కేసులో నాలుగు మేకలను తెచ్చారు. పరేడ్ పూర్తయ్యేలోపు అవి ఆ రోజు వాయిదాల లిస్టు తినేశాయి.

మా మేజిస్ట్రేటు గారు కృష్ణా జిల్లా వారు. అది ఆయనకు మొదటి పోస్టింగు. నిబంధనల పుస్తకం బల్ల మీద ఎడమవైపు ఉండేది, నిఘంటువు కుడివైపు. పరేడ్ రోజున ఎస్సై గారు నాలుగు మామూలు వెండి కడియాలు తెచ్చారు. సార్ వాటిని చూశారు, చేపను చూశారు.

“ఇవి పోలిక గల వస్తువులా?” అని అడిగారు.

“అన్నీ వెండే సార్. అన్నీ చేతికే పెట్టుకుంటారు.”

“నాలుగు గాడిదల మధ్య ఏనుగును నిలబెట్టి, నీ ఏనుగు ఏదని అడిగితే అది పరేడ్ కాదు” అని వాయిదా వేశారు. ఆయన అన్నది నిజమే. అలా చేస్తే పై కోర్టు ఆ గుర్తింపును పక్కన పడేసేది.

రెండో వాయిదాకి ఎస్సై గారు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం గాలించి ఒక్క చేప కూడా దొరకలేదని, అలాంటిది చెయ్యగల పనివాడు మాత్రం ఒకరున్నారని చెప్పారు. పాతపట్నంలో నరసింగాచారి అనే ముసలి కంసాలి. కానీ పోలీసులు వెళ్ళి అడిగితే, నాకు కళ్ళు కనపడవు, నేను ఏ పనీ చెయ్యను అని తలుపు వేసుకున్నాడట. అందులో వింత లేదు. కంసాలి ఇంటికి పోలీసు వచ్చాడంటే దొంగసొత్తు కొన్నావా అని అడగడానికే వస్తాడు.

మేజిస్ట్రేటు గారు ఒక లేఖ రాసి సంతకం చేసి నన్ను వెళ్ళమన్నారు. అది సూపరింటెండెంటు విధుల్లో లేదు. లేదని నేను అనలేదు.

ఆదివారం పొద్దున్నే బస్సులో పాతపట్నం వెళ్ళాను. ఆచారి గారిది రోడ్డు పక్క రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుంపటి, దాగలి, గోడకు వరసగా పటకార్లు. ఆయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఒక కంటికి అప్పుడే ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్నారు. తెగిపోయిన పట్టీకి టంకం పెడుతున్నారు. భార్య సావిత్రమ్మ గారు పక్కన కూర్చుని ఇంకో పట్టీకి కుంకుడురసంతో మెరుగు పెడుతోంది. నేను కోర్టు నుంచి వచ్చానని చెప్పగానే ఆవిడ నన్ను చూడలేదు, ఆయన వైపు తిరిగింది.

“ఏటి కొన్నావు? ఎవుల కాడ కొన్నావు?”

“నానేటీ కొననేదే!” అన్నారాయన.

“కొనకుండానే కోర్టోలు ఇంటికొస్తారేటి?”

లేఖ చదివి వినిపించాను. ఒక వెండి చేప కడియం ఉందనీ, దాన్ని పోలిన నాలుగు కడియాలు కోర్టుకు కావాలనీ, చేసి ఇవ్వగలరా అనీ అందులో ఉంది. ఆచారి గారు చేతిలో పట్టీ కింద పెట్టారు. నల్లద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

“సేప కడియవా తల్లీ? నన్నా సెయ్యమంతన్నారు?”

“మీరు చెయ్యలేనంటే—”

“సేత్తాను.”

నా వాక్యం పూర్తి కాలేదు. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆయన చేతికి వచ్చేదంతా మరమ్మతు పనేనని సావిత్రమ్మ గారు చెప్పింది. చెవి దిద్దుల సీలలు, తెగిన పట్టీలు, ఊడిన రాళ్ళు. ఆయన ఒకటే షరతు పెట్టారు. వెండి తనదే వేస్తారు, కోర్టు పని అయిపోయాక నాలుగూ తనకే తిరిగి ఇవ్వాలి. అది రాసుకున్నాను. ఒకటే ప్రశ్న అడిగారు.

“ఎంత పోలిక ఉండాల తల్లీ?”

ఈ ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేదు. మేజిస్ట్రేటు గారిని అడిగి చెబుతానని అనవలసింది. నేను “ఎంత వీలైతే అంత” అన్నాను.

ఆయన అసలు చేపను చూడాలి కదా. కోర్టులో ఉన్న సొత్తు గడప దాటడానికి వీల్లేదు. కాబట్టి ఆయనే మరుసటి వారం బస్సెక్కి వచ్చారు. మేజిస్ట్రేటు గారి ఛాంబరులో, ఆయన ఎదుట, నేను పొట్లం విప్పాను. ఆచారి గారు చేపను చేతిలోకి తీసుకోలేదు. ముందు చాలాసేపు చూశారు. తరవాత తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

“ముసిల్దయిపోనాదే” అన్నారు. తరవాత సార్ వైపు తిరిగి, “బాబూ, ఇది ఆ కళింగప—” అని మొదలుపెట్టారు.

సార్ చెయ్యెత్తి ఆపారు. “ఆచారి గారూ, మీరు ఈ కేసులో సాక్షి కాదు. కేసు గురించి మీరు మాట్లాడకూడదు, మేం వినకూడదు. వస్తువు చూసి కొలతలు తీసుకోండి, చాలు.”

అది సరైన ఉత్తర్వే. పరేడ్ కంటే ముందు బయటివాళ్ళెవరూ కేసు గురించి మాట్లాడకూడదు. ఆచారి గారు తలూపి, కాగితం మీద బొమ్మ గీసుకున్నారు. దారంతో కొలతలు తీసుకున్నారు. దానికి గంట పట్టింది. చేపను మళ్ళీ పొట్లం కట్టి, సీలు వేసి, రిజిస్టరులో సమయం రాశాను.

నాలుగు కడియాలకు నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఎర్రమ్మ ప్రతి వాయిదాకీ వచ్చి వరండాలో కూర్చునేది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. కుడి మణికట్టు చుట్టూ చర్మం తెల్లగా పట్టీలా ఉండేది. ఆ చేతిని కొంగులో దాచుకునేది. “నా సేప నాకియ్యడానికి ఇన్ని రోజులేటమ్మా? పట్టినారు గదా, ఇచ్చీండి” అనేది. పరేడ్ గురించి వివరించబోయాను. “నా సేపను నేను పోల్చుకోనేటి?” అంది. ఆమె భర్త పోలయ్య పోయి తొమ్మిదేళ్ళయిందని, కడియం ఆయన చేయించాడని ఆ వరండాలోనే తెలిసింది. అంతకు మించి నేను అడగలేదు. కోర్టు సిబ్బంది కక్షిదారులతో కబుర్లాడకూడదు.

నాలుగు చేపలూ వచ్చిన రోజున పొట్లం విప్పి నేనూ, మేజిస్ట్రేటు గారూ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాం. ఆచారి గారు వాటిని ఉప్పునీళ్ళలో నానబెట్టి, పొగపెట్టి, అసలుదానిలాగే నలుపు ఎక్కించారు. అంచుల్లో అరుగుదల కూడా పెట్టారు. ఐదింటినీ పక్కపక్కన పెట్టాక, అసలుదానికి కట్టిన లేబుల్ చూస్తే తప్ప ఏది ఏదో నాకు తెలియలేదు. సార్ ఆ లేబుల్ విప్పి, తన చేత్తో వాటిని వరసలో అమర్చి, అసలుది ఎన్నో స్థానంలో ఉందో ఒక చీటీ మీద రాసి కవర్లో పెట్టి అంటించారు. అది రెండోది.

ఎర్రమ్మను లోపలికి పిలిచారు. పోలీసులు ఎవరూ ఉండకూడదు కాబట్టి బయట నిలబెట్టాం. సార్ పద్ధతి ప్రకారం ముందు ఆనవాళ్ళు అడిగారు.

“ఆనవాలా? సేప బాబూ. సేపలాగుంటాది.”

“మామూలు చేపకూ, దీనికీ తేడా ఏమిటి?”

“మామూలు సేప సచ్చిపోతాది.”

సార్ కలం ఆగింది. “పొలుసులు ఎన్ని ఉంటాయో తెలుసా?”

“ఎవులు లెక్కెట్టినారు బాబూ? మీ సేతి గడియారంలో సక్రాలెన్నున్నాయో మీరు లెక్కెట్టినారేటి?”

“సాక్షి నిర్దిష్టమైన ఆనవాళ్ళు చెప్పలేకపోయారు” అని రాసుకుని, బల్ల మీది గుడ్డ తీయించారు.

ఐదు చేపలను చూసి ఎర్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తరవాత దగ్గరికి వచ్చి, మొదటిది తీసి చూసి పెట్టేసింది. రెండోది తీసి కదిపింది. అది తోక దగ్గర బిగుసుకుని సగమే వంగింది. “ఇదెవులదో ముసిల్దాందిలాగున్నాది” అని పెట్టేసింది. మూడోది ముట్టుకోలేదు. నాలుగోది అరచేతిలో పెట్టుకుంది. అది తల నుంచి తోక దాకా మెలికలు తిరిగింది. ఎర్రమ్మ ముఖంలో నేను ఆ నాలుగు నెలల్లో చూడని నవ్వు వచ్చింది.

“ఇదిగో. ఇదే నాది.”

“ఖచ్చితంగానా? తొందరలేదు, మిగతావి మళ్ళీ చూడండి” అన్నారు సార్. అంతకుమించి ఆయన అనకూడదు.

“నలబయ్యేళ్ళు సేతికెట్టుకుని తిరిగినాను బాబూ. నాకు తెలీదేటి? నా పెనిమిటి ఇచ్చిన్నాడు ఇలాగే కొట్టుకునీది.”

సార్ రాసుకున్నారు. ఆమె వేలిముద్ర వేసింది. “ఇప్పుడట్టుకెల్లిపోవచ్చేటి?” అని అడిగింది. ఇప్పుడు కాదని, కబురు చేస్తామని చెప్పాను. ఆమె వరండాలో చెప్పులు వేసుకుంటూ పక్కనున్నవాళ్ళకు తన చేప దొరికిందని చెబుతోంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ మధ్యాహ్నం నేను కారియర్ విప్పలేదు.

ఈ సంగతి తెలిశాక నిందితుడి తరపు వకీలు గారు ఒక దరఖాస్తు పెట్టారు. పోలికకు తెచ్చిన నాలుగు కడియాలనూ విచారణ దాకా కోర్టులోనే ఉంచాలని కోరారు. కారణం కూడా రాశారు. ఇలాంటి కడియాలు ఈ జిల్లాలో సులువుగా దొరుకుతాయనడానికి కోర్టు బల్ల మీదున్న నాలుగే సాక్ష్యమట. చదివి సార్ ఆమోదించారు. ఇంకేం చెయ్యగలరు? ఆ నెలాఖరుకి ఆయనకు బదిలీ అయి, కొత్త మేజిస్ట్రేటుగా ఒక మేడం గారు వచ్చారు. పరేడ్ జరిపినాయన విచారణ జరపడం బాగుండదు కాబట్టి, ఆ మేరకు అది మంచిదే.

పదిహేను రోజుల తరవాత ఆచారి గారు తన నాలుగు చేపల కోసం వచ్చారు. ఇప్పట్లో ఇవ్వడం కుదరదని చెప్పాను. ఆయన బాధపడలేదు. వెళ్ళబోతూ ఆగి అడిగారు.

“పోనీలే తల్లీ. ఎర్రమ్మది ఎర్రమ్మకి ఇచ్చీసినారా?”

ఎర్రమ్మ పేరు ఆయనకు నేను చెప్పలేదు. లేఖలో కూడా లేదు.

“ఎర్రమ్మ మీకెలా తెలుసు?”

“నానే గదా సేసినాను. ఆళ్ళ పోలయ్య సేయించినాడు. ఆ దినం మీ దొరగారికి సెప్పబోతే నోరు మూసీసినారు.”

“ఆచారి గారూ, అప్పట్లో ఇలాంటివి మొత్తం ఎన్ని చేశారు?”

“ఒకటే.”

నా సర్వీసులో నేను అడిగిన ప్రశ్నల్లో అంత ఆలస్యంగా అడిగింది ఇంకొకటి లేదు. నాలుగు చెయ్యగలరా అని పాతపట్నం దాకా వెళ్ళి అడిగిన మనిషిని, ఇంతకుముందు ఎన్ని చేశారని అడగలేదు. ఎస్సై గారు అడగలేదు. మేజిస్ట్రేటు గారు అడగలేదు. ఆయన చెప్పబోయినప్పుడు పద్ధతి ప్రకారం ఆపేశాం.

కోర్టు ఉద్యోగి ఏ పక్షానికీ సాయం చెయ్యకూడదు. నేను ఆచారి గారితో ఒకటే చెప్పాను. ప్రభుత్వం తరపున కేసు నడిపే ఏపీపీ గారు కూర్చునే గది వరండాలో ఎడమవైపు రెండోదని. అది ఎవరడిగినా చెప్పే సంగతే. ఆయన అటు నడిచారు.

ఏపీపీ గారు దరఖాస్తు పెట్టి ఆయన్ని అదనపు సాక్షిగా పిలిపించారు. ఆచారి గారు ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి బోనులో నిలబడి ప్రమాణం చేశారు. పోలయ్య కొత్తగా పెళ్ళయిన రోజుల్లో వేట బాగా సాగిన ఏడాది వెండి పట్టుకుని తన దగ్గరకు వచ్చాడని చెప్పారు. “పెళ్ళానికి సేప సేసియ్యి ఆచారీ, వల్లోంచి తీసిందిలాగ కొట్టుకోవాల అన్నాడు. నాను నవ్వినాను. నవ్వీసినాక నిద్దర పట్టనేదు.” అక్కడికి కొద్ది దూరంలో ఒడిశా పక్కన కదిలే చేపలు చేసే పనివాళ్ళు ఉన్నారు. అవి ఇంట్లో పెట్టుకునే బొమ్మలు. ఈయన అక్కడికి వెళ్ళి, ఒకాయన దగ్గర నెల రోజులు కూర్చుని పొలుసు కట్టడం నేర్చుకున్నారు. దాన్ని చేతికి చుట్టి, తోకను నోట్లో పెట్టాలన్నది మాత్రం తన ఊహే.

తరవాత నిందితుడి వకీలు గారు లేచారు. ఆయన సీనియర్, మర్యాదస్తుడు. ఐదు చేపలనూ బల్ల మీద పరిపించారు.

“ఆచారి గారూ, ఇందులో మీరు నలభయ్యేళ్ళ కింద చేసింది ఏదో చెప్పగలరా? దాని యజమానే చెప్పలేకపోయింది.”

ఆచారి గారు ముట్టుకోకుండా ఒకదాన్ని చూపించారు. నేను దాని కింద మడిచి ఉన్న లేబుల్ తీసి చూశాను. సరిగ్గా అదే.

“ఎలా చెబుతున్నారు?”

“అది కుర్రోడు సేసింది బాబూ. ఈ నాలుగూ ముసిలోడు సేసినవి.”

“అర్థమయ్యేలా చెప్పండి.”

“పొలుసుల అంచులకి ఆకురాయి సరిగా పెట్టనేదు సూడండి. అప్పుడు నాకు తొందర. ఇప్పుడేటి తొందర? ఆ తప్పులు గూడా మళ్ళీ సేద్దామని సూసినాను. సెయ్యలేకపోనాను.”

మేడం గారు భూతద్దం తెప్పించుకుని ఐదింటినీ చూశారు. పాతదాని నాణ్యత కొత్తవాటికన్నా తక్కువని సాక్షి చెబుతున్నాడని టైపిస్టుకు చెప్పి రాయించారు.

వకీలు గారు వదల్లేదు. “ఇంత మంచి వస్తువు చేశారు. పేరొచ్చి ఉంటుంది. ఒక్కటే చేసి ఊరుకున్నానంటే కోర్టు నమ్మాలా? ఇంకెవరికీ ఎందుకు చెయ్యలేదు?”

ఆచారి గారు బల్ల మీది చేపల వైపు చూశారు.

“ఎవులూ అడగనేదు బాబూ.”

వకీలు గారు కూర్చున్నారు.

ప్రపంచంలో అలాంటిది ఒకటే ఉందని, అది పోలయ్య చేయించాడని తేలాక నిందితుడి నాయనమ్మకు కేసులో చోటు లేకపోయింది. ఎర్రమ్మ తప్పు చేపను చూపించిన సంగతిని తీర్పులో ఒక పేరాలో చర్చించారు. మనిషికి తన వస్తువు కొత్తగా ఉన్నప్పటి రూపం గుర్తుండటం అసహజం కాదని మేడం గారు రాశారు. నిందితుడికి శిక్ష పడింది. రిమాండులో గడిపిన రోజులు దానికి సరిపోయాయి.

అప్పీలు గడువు ముగిశాక సొత్తు అప్పగించడానికి ఎర్రమ్మకూ, ఆచారి గారికీ ఒకే రోజు కబురు చేశాను. ఎర్రమ్మ ముందొచ్చింది. రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుని, అసలు చేపను ఆమె చేతిలో పెట్టాను.

“ఇది కాదమ్మా” అంది.

“ఇదే ఎర్రమ్మా. తీర్పులో రాశారు.”

“తీర్పుకేటి తెలుసు? నాదింత ముసిల్ది కాదు.”

తీర్పు ప్రకారం తప్ప ఇంకో రకంగా ఇవ్వడానికి నాకు అధికారం లేదు. అదే చెప్పాను. ఆమె చేపను గుప్పిట్లో పట్టుకుని వరండా బెంచి మీద కూర్చుంది. గొడవ చెయ్యలేదు. ఎర్రమ్మ గొడవ చెయ్యకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆచారి గారు వచ్చి తన నాలుగూ తీసుకుని సంతకం చేసి, బయట ఆమెను చూశారు.

“ఏటలా కూకున్నావు? ఇలాతే.”

ఆమె పక్కన కూర్చుని సంచిలోంచి ఒక సూది, చిన్న పటకారు, గుడ్డ తీశారు. తోక దగ్గర రెండు పొలుసుల మధ్య సూది పెట్టి నెమ్మదిగా తవ్వారు. తెల్లగా ఉప్పు పొడి రాలింది. మళ్ళీ పెట్టుకునేముందు చేతులు ఎంత కడుక్కున్నా, నలభయ్యేళ్ళుగా ఆమె చేతుల ఉప్పు లోపలికి దిగి రాయిలా గట్టిపడింది. అరగంట పట్టింది. కొంచెం నూనె అద్ది ఆమె అరచేతిలో పెట్టారు. చేప కొట్టుకుంది.

ఎర్రమ్మ చాలాసేపు చూసింది. తరవాత దాన్ని కుడిచేతికి చుట్టి తోకను నోట్లో పెట్టింది. టిక్కుమంది.

“ఇదే” అంది. “ఇదే నాది.”

గుర్తింపు అలా పూర్తయింది. తీర్పు వచ్చిన రెండు నెలల తరవాత, వరండాలో. దాన్ని రాసుకోవడానికి ఫైలు లేదు. అప్పటికే రికార్డు రూముకు వెళ్ళిపోయింది.

ఆ తరవాతి ఏడాది వేరే పని మీద పాతపట్నం వెళ్ళి ఆచారి గారింటికి వెళ్ళాను. నాలుగు చేపలూ ఏం చేశారని అడిగాను. మూడు కరిగించేశారట. పేపర్లో కేసు గురించి చదివి విశాఖపట్నం నుంచి ఒకాయన కొనడానికి వచ్చేసరికే అవి కోటబొమ్మాళి ఆసామీలకు పట్టీలైపోయాయి. నాలుగోది సావిత్రమ్మ గారి ఎడమచేతికి ఉంది. బాగుందన్నాను.

“పెళ్ళయిన కొత్తల్లో, ఎర్రమ్మకి సేసినప్పుడే నాకూ ఒకటి సెయ్యమన్నాను” అంది ఆవిడ, మెరుగు పెడుతూనే. “ఇప్పటికి సేసినాడు.”

ఆచారి గారు కుంపటి ఊదుతున్నారు. నేను ఆయన వైపు చూశాను. ఎవరూ అడగలేదని ఆయన ప్రమాణం చేసి చెప్పిన మాట అక్షరాలా నాకు గుర్తుంది. ఆ వాంగ్మూలం కింద ఆయనతో సంతకం పెట్టించింది నేనే.

“ఇనబడనేదు తల్లీ” అన్నారాయన.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. పోలిక గల వస్తువులు తెమ్మని నిబంధన చెబుతుంది. పోలిక అనేది ఉందో లేదో ముందు అడగమని చెప్పదు. అడగవద్దని కూడా చెప్పదు. మేం అడగలేదు. లోకంలో ఒకటే ఉన్న వస్తువును నాలుగు నెలలు కష్టపడి ఐదు చేశాం. అవి ఐదయ్యాయి కాబట్టే కేసు దాదాపు పోయింది. అది ఆచారి గారి పనితనం తప్పు కాదు, ఎర్రమ్మ జ్ఞాపకం తప్పు కాదు. ఆ తరవాత నేను రిటైరయ్యేదాకా పరేడ్‌కు వచ్చిన ప్రతి సొత్తు ఫారం మీదా పైన ఒక మూల రాసేదాన్ని: “ఇలాంటిది ఇంకొకటి ఉందా? చేసినవారిని అడిగారా?” పెన్సిల్‌తోనే రాసేదాన్ని. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.